పొట్టు తీయని రొట్టె

"పొట్టు తీయని గోధుమ రొట్టె ఇందులో ఏది?" అని మూడోసారి అడిగాడతను.

బ్రెడ్డక్క ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంది. పొద్దున ఏడింటి నుంచీ కౌంటర్ వెనక నిలబడే ఉంది. పాదాలు వాచిపోయాయి. ఆ బేకరీలో పద్నాలుగేళ్లుగా అమ్మకాలు చూస్తున్న ఆమెకి అసలు పేరొకటి ఉందన్న సంగతి వీధిలో ఎవరికీ గుర్తులేదు. పిల్లా పెద్దా అందరికీ బ్రెడ్డక్కే.

"ఇదే అన్నా. పైన ఓట్స్ కనపడటం లేదా?" అంటూ ముదురు రంగు రొట్టె ఒకటి తీసి ముందుకు తోసింది.

అతనికి యాభై దాటి ఉంటాయి. నలిగిన నీలం చొక్కా, నడుముకి తాళాల గుత్తి, నిద్ర లేక ఎర్రబడ్డ కళ్లు. రొట్టెని వేలితో నొక్కి చూశాడు. దిగిన గుంట వెంటనే పైకి లేచింది.

"దూదిలా ఉందేంటమ్మా? పొట్టుతో ఉన్న పిండి ఇంత మెత్తగా పొంగుతుందా?"

ఆమెకి విసుగొచ్చింది. ఇలాంటివాళ్లు రోజుకి నలుగురు తగులుతారు. ఆరోగ్యం మీద కొత్తగా భక్తి పుట్టినవాళ్లు. రెండు వారాలు బ్రౌన్ బ్రెడ్, మూడోవారం నుంచి మళ్లీ క్రీమ్ బన్.

"ఎవరికి, మీకేనా?"

"కాదు. మా దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడు. షుగరు."

"మీ నాన్నగారా?"

"కాదమ్మా. నేను చూసుకునే మనిషి. పదకొండేళ్లయింది."

ఏ వృద్ధాశ్రమంలోనో పనిచేసేవాడు కాబోలనుకుంది బ్రెడ్డక్క. ఆ మాటతో విసుగు కాస్త తగ్గింది. ఆమె కూడా భర్తని మంచం మీద రెండేళ్లు చూసుకున్న మనిషే. ఆ అలసట ఎలాంటిదో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

"మాట వింటాడా?"

"వినడమా! నాకే చెప్తాడు. చక్కెర ముట్టడు. అన్నం కొలిచినట్టు తింటాడు. ఆ చిన్న గదిలోనే అటూ ఇటూ రోజుకి వెయ్యి అడుగులు నడుస్తాడు. నాకూ బీపీ ఉంది, ఉప్పు తగ్గించమని పోరు పెడతాడు."

"డాక్టరు వస్తాడా?"

"ఈ వారం రోజూ వస్తున్నాడు. బరువు కూడా చూస్తున్నారు."

"పెట్టి పుట్టాడు. మా ఆయనకి ఆస్పత్రిలో డాక్టరు మూడు రోజులకోసారి మొహం చూపించేవాడు."

అతను కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించాడు.

"కేకు తెస్తానన్నానమ్మా. మా సారు కూడా ఆయన ఏదడిగితే అది పట్టుకురమ్మన్నారు. వద్దన్నాడు. 'పొట్టు తీయని గోధుమ రొట్టె దొరుకుతుందేమో చూడు, రంగేసింది మాత్రం తేకు' అన్నాడు. పొద్దున్నుంచి ఇది నాలుగో బేకరీ."

రంగు అన్న మాట ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది. ఆ రొట్టెలో ఏముందో ఆమెకి తెలుసు. మైదా, గుప్పెడు పొట్టు, మాడ్చిన పంచదార రంగు, కంటికింపుగా పైన నాలుగు ఓట్స్. పైన పటారం, లోన లొటారం. 'పూర్తి గోధుమే' అని చెప్పడం నోటికి ఎంత అలవాటైపోయిందంటే, అది అబద్ధమన్న సంగతే ఎప్పుడో మరిచిపోయింది. కానీ తోబుట్టువులే ఫోన్ ఎత్తని ఈ రోజుల్లో, రక్తసంబంధం లేని మనిషి కోసం నాలుగు బేకరీలు తిరిగినవాడితో ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

యజమాని లోపలి గదిలో ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆమె అటు ఓ చూపు చూసి, రొట్టెని వెనక్కి లాక్కుంది.

"ఇది వద్దన్నా," అంది గొంతు తగ్గించి. "ఇది మైదా. ఆయనకి పెట్టకండి."

అతనికి కోపం రాలేదు. తల మాత్రం ఊపాడు. "ఈ చుట్టుపక్కల ఇంకేమైనా బేకరీ ఉందా?"

"ఉండండి."

లోపలికి వెళ్లింది. పొయ్యి దగ్గర అరలో, గుడ్డ చుట్టి ఒక చిన్న రొట్టె ఉంది. ఆమెకీ షుగరే. ఆమె ఆడించి తెచ్చిన పిండితో రొట్టెల మేస్త్రి విడిగా కాల్చిపెడతాడు. రెండు రోజులు రాత్రిపూట ఆమె తిండి అదే. దాన్ని తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. ఒక పక్కకి ఒరిగి, పైన పగిలి, ఇటుకంత బరువుగా ఉంది.

"చూడ్డానికి బాగోదు. తింటే తెలుస్తుంది."

అతను రెండు చేతుల్లోకీ తీసుకుని బరువు చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చాడు. అప్పుడు అతని మొహం కొంచెం తేటపడింది.

"ఇదేనమ్మా. ఆయన చెప్పింది ఇదే."

"పల్చగా కోయండి. పూటకి రెండు ముక్కలు మించొద్దు," అంటూ కాగితం చుట్టసాగింది బ్రెడ్డక్క. "మూడు నెలలు విడవకుండా తింటే తేడా ఆయనకే తెలుస్తుంది. నాకు రెండొందల ఎనభై ఉండేది, నూటనలభైకి దిగింది. ఆయనతో చెప్పండి, భయపడొద్దని."

"చెప్తాను," అన్నాడతను, తల వంచుకునే.

పొట్లం చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లాడు. బ్రెడ్డక్కకి ఎన్నాళ్లకో మనసు తేలికపడినట్టయింది. కాళ్ల నొప్పి కూడా మరిచిపోయి కౌంటర్ మీంచి ముందుకి వంగింది.

"అన్నా! మళ్లీ గురువారం కాలుస్తారు. పెద్దాయన కోసం ఒకటి ఎక్కువ చేయిస్తాను, వచ్చి పట్టుకెళ్లండి."

అతను ఆగాడు. వెనక్కి తిరగడానికి కొంతసేపు పట్టింది.

"వద్దమ్మా."

"అదేంటి? ఆయన్ని ఇంకోచోటికి పంపించేస్తున్నారా?"

అతను చంకలోని పొట్లాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"తెల్లారితే ఆయనకి ఉరి."