సొన్నమ్మ పేరు మీద కబ్జా

అడిగిన పేరు దొరకలేదని లాప్‌టాప్ ముందు కూర్చున్న చంద్రిక మొగుడు మోహన్‌కుమార్‌తో చెప్పింది.

మోహన్‌కుమార్‌ది శ్రీనివాసపురంలో మామిడికాయల మండీ. సీజన్ కాయంతా కొంటామని బెంగళూరు కంపెనీ ఒకటి ముందుకొచ్చింది. కానీ ఊరూపేరూ లేని మెయిల్ నుంచి రేట్లు పంపితే చూడరట, వ్యాపారం పేరుతో సొంత మెయిల్ ఉండాలట. మోహన్‌కుమార్ తల్లి పేరు పెడదామన్నాడు. సొన్నమ్మ డాట్ ఇన్.

ఇంటర్నెట్‌లో ఆ పేరును వేమగల్‌లో ఉండే మూర్తి అనే అతను ఎప్పుడో కొనిపెట్టుకున్నాడు. అతని వివరాల్లో ఉన్న నంబరుకు చంద్రిక ఫోన్ చేసింది.

“పేరు ఊరికే ఇచ్చేస్తాడంట. మెయిల్ గూడా తానే వచ్చి పెట్టిస్తాడంట. సొన్నమ్మను ఒక్కసారి చూపిస్తే చాలంట.”

ఆ చివరి మాటకు మోహన్‌కుమార్ ఒళ్లు మండింది.

వేమగల్ పక్కన సొన్నమ్మ పుట్టింటి నేల అలాగే పోయింది. ఫ్యాక్టరీలొచ్చి నేల ధర పెరగగానే ఎవడో పలకరించడానికని వచ్చి, చీర పెట్టి, వక్కాకు ఇచ్చి, ఆమె వేలిముద్ర వేయించుకుని పోయాడు. అప్పటినుంచి తల్లిని చూడాలని వచ్చే ప్రతివాడూ మోహన్‌కుమార్ కంటికి దొంగే.

“కబ్జా చేసినోడు కాళ్లతో నడిచొస్తానంటే ఇంగేం కావాల? రమ్మను.”

తల్లిని తోటకు పంపించేశాడు. ఇద్దరు హమాలీలను పక్కన పెట్టుకున్నాడు.

మూర్తి మధ్యాహ్నం బస్సు దిగాడు. మోహన్‌కుమార్ ఈడువాడే, బక్కపలచటి మనిషి. నవ్వుతూ చేతులు జోడించాడు.

మోహన్‌కుమార్ అతని సంచి లాక్కుని నేలమీద గుమ్మరించాడు. లాప్‌టాప్, కొత్త చీర, ఆకూ వక్కా పడ్డాయి.

“స్టాంపు ప్యాడు యాడ దాచినావురా?”

“ఏం స్టాంపు ప్యాడన్నా?”

చెంప పగిలింది. కళ్లద్దాలు కాయల కుప్పలో పడ్డాయి. హమాలీలు రెక్కలు విరిచి పట్టుకున్నారు. కాయలు కోసే గడతో మోకాళ్ల మీద కొడితే మూర్తి కూలబడ్డాడు. గడ విరిగిపోయింది గానీ మోహన్‌కుమార్ కోపం విరగలేదు.

“మా అమ్మ పేరు నీకెందుకురా? ఎవడివి నువ్వు?”

“నలుగురిలో చెప్పే మాట కాదన్నా. అమ్మకే చెప్తాను. ఆమెకిష్టమైతే ఆమే నీకు చెప్తాది.”

నలుగురిలో చెప్పలేని మాట అంటే మోహన్‌కుమార్‌కు తోచింది ఒక్కటే, అది తల్లి పరువు తీసే మాట. పిడికిలి బిగించి నోటిమీద గుద్దాడు. మూర్తి పెదవి చీలింది. పన్ను గుచ్చుకుని మోహన్‌కుమార్ చెయ్యి కూడా రక్తమైంది.

“తల్లి పాలు తాగినోడివైతే చెయ్యెత్తరా.”

మూర్తి రక్తం ఉమ్మాడు. “తాగినానన్నా. అందుకే ఎత్తలేదు.”

పిరికిపంద అని హమాలీలు నవ్వారు. మోహన్‌కుమార్ కడుపులో తన్నాడు. ఒకసారి తన్నిన కాలు అక్కడ ఆగలేదు. కోపానికి కళ్లుండవంటారు, ఇతని కోపానికి చెవులు కూడా లేవు.

చంద్రిక అడ్డం పడ్డాక ఆగింది.

పేరు రాసిచ్చి పొమ్మన్నారు. మూర్తి ఒక చేత్తో కడుపు పట్టుకుని, ఇంకో చేత్తో లాప్‌టాప్ తెరిచాడు. సొన్నమ్మ డాట్ ఇన్‌ను మోహన్‌కుమార్ పేరుకు మార్చాడు. అతని ఫోన్‌లో మెయిల్ పెట్టి, పాస్‌వర్డ్ కొట్టి, ఒక మెయిల్ పంపి చూశాడు. ఫోన్ టింగుమంది. రేట్లు కూడా అక్కడినుంచే కంపెనీకి వెళ్లాయి.

“పాస్‌వర్డ్ గంగులమ్మ అని పెట్టినానక్కా. తర్వాత మీ ఇష్టమొచ్చినట్టు మార్చుకోండి,” అని చంద్రికతో చెప్పాడు.

అమ్మను ఒక్కసారి చూసిపోతానని మళ్లీ అడిగాడు. హమాలీలు అతన్ని లాక్కుపోయి కోలారు బస్సెక్కించారు.

మర్నాడు పొద్దున కంపెనీనుంచి ఒప్పుకున్నట్టు మెయిల్ వచ్చింది. మండీలో అందరికీ టీ తెప్పించారు. మెయిల్‌ను తన లాప్‌టాప్‌లో కూడా పెట్టుకుందామని చంద్రిక కూర్చుంది. పాస్‌వర్డ్‌ను పైకి అనుకుంటూ కొట్టింది.

గుమ్మంలో కాయలు ఏరుతున్న సొన్నమ్మ చెయ్యి ఆగిపోయింది.

“ఆ పేరు నీకెవరు చెప్పినారే?”

నిన్న వచ్చిన మూర్తి చెప్పాడంది చంద్రిక.

“గంగులమ్మ మా పట్టుపురుగుల చావిట్లో ఆకేసేది. బిడ్డను కని కన్ను మూసింది. పాలు మరిచినాక ఆ పసివాణ్ణి వాళ్ల నాయన కేజీఎఫ్‌కు ఎత్తుకుపోయినాడు.” సొన్నమ్మ కాయలు వదిలేసి లేచింది. “వాడేనా వచ్చింది? నన్నేల పిలవలేదు?”

మోహన్‌కుమార్ గుడ్డ కట్టిన చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

చంద్రిక మూర్తి నంబరుకు చేసి స్పీకర్ పెట్టింది. ఎవరో కొత్త గొంతు పలికింది. కోలారు ఆసుపత్రి దగ్గర డ్యూటీలో ఉన్న పోలీసు.

“ఈ ఫోను మనిషి తెల్లారేసరికి పోయినాడు. కడుపులో బాగా దెబ్బలు తగిలుండాయి. నా అనేవాళ్లు ఎవరూ లేరంట. మీరేమవుతారు?”

మోహన్‌కుమార్ ఫోన్ ఆపేయబోయాడు. సొన్నమ్మ చటుక్కున లాక్కుంది. హమాలీలు చూస్తున్నారు, టీ తెచ్చినవాడు చూస్తున్నాడు. అత్తకు భయపడి, కులానికి భయపడి, కట్టుకున్నవాడికి కూడా చెప్పకుండా ఇన్నేళ్లు దాచుకున్న మాట అందరి ముందూ బయటికొచ్చింది.

“పాలిచ్చిన తల్లినప్పా. చావిట్లో ఎవరికీ తెలీకుండా ముందు వానికి తాపి, మిగిలిందే నా కడుపున పుట్టినోనికి తాపినాను.”