పదికి పది

"చెప్పులో పిన్ను ఉందని నాకు తెలుసు. తీరిక లేక తియ్యలేదంతే," అన్నాడు మాస్టారు.

మొన్న సాయంత్రం వంటింటి నుంచి హాలు దాకా నేల మీద ఎర్రటి చుక్కలు చూసింది ఆయన భార్యే. వాటి వెంటే నడుచుకుంటూ వెళ్తే, కుర్చీలో కాలు మీద కాలేసుకుని పేపరు చదువుతున్న మొగుడు దొరికాడు. చెప్పును చీల్చుకుని వచ్చిన పిన్ను ఆయన అరికాల్లో తల దాకా దిగి ఉంది. ఎప్పుడు దిగిందో ఆయనకే తెలీదు. అందుకే ఇవాళ ఇద్దరూ పాదాల క్లినిక్కులో బెంచీ మీద కూర్చున్నారు.

మాస్టారంటే అలాంటిలాంటి మాస్టారు కాదు, రిటైరైన హెడ్మాస్టరు. ఆయన ఉన్నన్నాళ్ళూ బడిలో ఒక్క పిల్లాడూ పరీక్ష తప్పలేదు. అందుకే అందరూ 'నూటికి నూరు మాస్టారు' అంటారు. కాపీ చీటీ చొక్కా మడతలో దాచినా, జడలో దాచినా ఇట్టే పట్టేసేవాడు. పై అధికారులు తనిఖీకి వచ్చిన రోజు మాత్రం ఎందుకో ఆయనకి చూపు సరిగ్గా ఆనేది కాదు.

షుగరు వచ్చి పన్నెండేళ్ళయింది. రోజూ పాదాలు చూసుకోవాలని డాక్టరు చెప్పిన నాటి నుంచీ భార్య వెంటపడుతూనే ఉంది.

"ఏమండీ, కాలు ఒక్కసారి ఇలా చాపండి. అరికాలు చూస్తాను."

"అరచేతిలో రాత చూసేవాళ్ళని చూశాను గానీ, అరికాల్లో చూసేదాన్ని నిన్నే చూశాను."

వేళ్ళ మధ్య తడి లేకుండా తుడుచుకోమంటే, నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవాడికి కాళ్ళు తుడుచుకోవడం నేర్పుతావా అని ఎగిరాడు. చెప్పులు దులిపి తొడుక్కోమంటే, దులపడానికి అవేమన్నా దుప్పట్లా అన్నాడు. నీళ్ళ వేడి మోచేత్తో చూసుకోమంటే విననట్టు ఊరుకున్నాడు. అరికాలు చూసుకోవడానికని ఆవిడ ముచ్చటపడి కొన్న చేతి అద్దంలో రోజూ మీసం కత్తిరించుకుంటున్నాడు.

పైకి ఇన్ని కబుర్లు గానీ, బెంచీ మీద మాస్టారికి లోలోపల భయంగానే ఉంది. తనతో పనిచేసిన లెక్కల మాస్టారికి ఇలాగే కాళ్ళలో స్పర్శ పోయింది. తర్వాత పుండు పడింది. చివరికి మోకాలి దాకా తీసేశారు. తనకీ స్పర్శ పోయిందని తేలితే? తేలకూడదు. కాగితం మీద పడితేనే కదా ఏదైనా ఉన్నట్టు! పడకపోతే లేనట్టే. బడిని ఆయన అన్నేళ్ళు నడిపింది ఈ సూత్రం మీదే.

పక్కనే ఓ రిటైరైన బస్సు కండక్టరు కూర్చుని ఉన్నాడు. మాస్టారు ఆయన వైపు జరిగాడు.

"లోపల ఏం చేస్తారండీ?"

"ఏముంది మాస్టారూ, కళ్ళు మూసుకోమంటారు. డబ్బాలోంచి బిరుసు నైలాను దారం తీసి కాలి కింద పదిచోట్ల పొడుస్తుంది నర్సమ్మ. తగిలినప్పుడల్లా 'ఆ' అనాలి."

"తగిలినట్టు తెలీకపోతే?"

కండక్టరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆవిడ కుర్చీ పాతది. పొడవడానికి వంగినప్పుడల్లా కిర్రుమంటుంది. కిర్రుమనగానే 'ఆ' అనెయ్యండి. నేను మూడేళ్ళుగా పాసవుతున్నాను."

కండక్టరు ఎడమ పాదానికి లావుపాటి కట్టు ఉంది. మాస్టారు దాన్ని చూశాడు గానీ పట్టించుకోలేదు. మాస్టారి భార్య ఇటు పక్కనే కూర్చుని, గోడకున్న పాదం బొమ్మ వైపు అదే పనిగా చూస్తోంది.

పిలుపు వచ్చింది. లోపల మాస్టారు మేజోళ్ళు విప్పుకుంటుంటే, భార్య నర్సు చెవిలో ఏదో చెప్పింది. నర్సు తలూపింది. పిన్ను సంగతి కాబోలు, చెప్పుకోనీ అనుకున్నాడు.

"కళ్ళు మూసుకోండి మాస్టారూ. మధ్యలో తెరవకూడదు."

"నాకు చెబుతున్నావా అమ్మా పరీక్ష నియమాలు!"

కిర్రు.

"ఆ."

కిర్రు.

"ఆ."

మూడోదానికి ధైర్యం వచ్చింది. "ఆ. బొటనవేలు."

అయిదోదానికి హుషారు వచ్చింది. "ఆ. కాస్త మెల్లగా అమ్మా, గుచ్చుకుంటోంది."

ఎనిమిదోదానికి కిసుక్కున నవ్వాడు. "చక్కిలిగింత పెడుతున్నావే!"

పక్కనుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

పదో 'ఆ' అయ్యాక కళ్ళు తెరిచాడు. భార్య కళ్ళు తుడుచుకుంటోంది. సంతోషం పట్టలేకపోయింది పాపం, అనుకున్నాడు. నర్సు వంచిన తల ఎత్తకుండా చీటీ రాస్తోంది.

"పదికి పదేనా అమ్మా?"

"పదిసార్లూ 'ఆ' అన్నారు మాస్టారూ."

"నోటిమాట మార్కులు నాకు పనికిరావు. కాగితం మీద ఉండాలి."

"రాశానండీ. ఇప్పుడే డాక్టరుగారికి చూపించండి."

చీటీ పుచ్చుకుని మాస్టారు వరండాలోకి వచ్చాడు. బెంచీల మీద పదిహేనుమంది దాకా ఉన్నారు. ఏమైందన్నట్టు కండక్టరు కనుబొమ్మలెగరేశాడు. మాస్టారు జేబులోంచి కళ్ళజోడు తీశాడు.

భార్య ఆయన మోచెయ్యి పట్టుకుంది. "ఏమండీ, ఇక్కడొద్దు. లోపలికెళ్ళి చదువుకుందాం."

"ఫలితాలు నలుగురిలో చదవాలే పిచ్చిదానా," అని ఆయన చెయ్యి విడిపించుకున్నాడు. బడిలో అసెంబ్లీ ముందు నిలబడ్డట్టే నిలబడి, గొంతు సవరించుకుని, చివరి బెంచీకి కూడా వినబడేలా చదివాడు:

"పదిసార్లూ కుర్చీ మాత్రమే కదిలించాను, దారం డబ్బా మూత తియ్యలేదు."