చాప కింద

తెల్లవారుతుండగా వంశపెద్ద లౌతేలే వచ్చి తిరేసా ఇంటి ముందు నిలబడ్డాడు. ఆయన చంకలో సన్నని అల్లిక చాప ఉంది. పెళ్లిళ్లకీ చావులకీ, ప్రాణం తీసిన తప్పుకి చాప కప్పుకుని క్షమాపణ అడగడానికీ తప్ప బయటికి తీయని చాప.

చాప చూసి తిరేసా గడప దగ్గరే ఆగిపోయింది. మొన్న ఆమె కొడుకు పేనీ నడిపిన లారీ కింద పడి, పక్క ఊళ్లో ఏడేళ్ల పిల్లాడు చనిపోయాడు. అప్పటినుంచి కొబ్బరిమట్ట రాలినా ఎవరో కత్తి పట్టుకొచ్చారనే అనుకుంటోంది. పెద్దాయన్ని సాయం అడగాల్సింది. అడిగే మొహం లేక ఊరుకుంది. ఆయనే వచ్చాడు.

"చాప కింద నేను కూర్చుంటాను పెద్దయ్యా," అన్నాడు పేనీ.

"తప్పు నీది. తల వంచాల్సింది నేను. పెద్దరికం అంటే అంతేరా."

పేనీ బాబాయి గొణిగాడు. ఈ కాలంలో ఇంకా చాపలేమిటన్నాడు. పోలీసులున్నారు, కోర్టుంది. ఆ పిల్లాడి ఇంటివాళ్లు చాప ఎత్తకుండా కత్తి ఎత్తితే ఎవరిది పూచీ అన్నాడు.

"కోర్టు వీణ్ణి జైల్లో కూర్చోబెడుతుంది," అన్నాడు పెద్దాయన. "రెండూళ్లనీ మళ్లీ ఒక పంక్తిలో కూర్చోబెట్టదు."

ఆయన ముందు నడిచాడు. రెండు రోజులుగా ఏమీ తిననివాడిలా తూలుతున్నాడు. వెనక తల్లీ కొడుకులు.

పక్క ఊళ్లో పిల్లాడి ఇంటి కుక్క తల్లీ కొడుకుల్ని చూసి మొరిగింది. పెద్దాయన జోలికి పోలేదు.

గోడలు లేని ఇల్లు. స్తంభాల మధ్య తెల్లగుడ్డ కప్పిన చిన్న పెట్టె కనిపిస్తోంది. తిరేసా చూపు తిప్పుకుంది. పెద్దాయన తిప్పుకోలేదు. కాసేపు చూసి, వాకిట్లో గులకరాళ్ల మీద మోకరిల్లి, తల మీంచి చాప కప్పుకున్నాడు.

ఇంటివాళ్లు చాప తీస్తే పేనీ బతికినట్టు. తీయకపోతే ఏమవుతుందో తిరేసా మొన్నటినుంచి వందసార్లు ఊహించుకుంది. ప్రతిసారీ కొడుకు శవమే కనిపించింది.

ఎండెక్కింది. చాప కదల్లేదు.

చివరికి పిల్లాడి చిన్నాన్న కొబ్బరికాయలు కొట్టే కత్తి పట్టుకుని దిగాడు. చాప చుట్టూ ఒకసారి తిరిగాడు.

"వాళ్ల తరఫున ఈ వాకిట్లో కూర్చోడానికి నీకు మనసెలా వచ్చిందయ్యా?"

కత్తి పైకి లేచింది. తిరేసా కొడుకుని వెనక్కి లాక్కుని అడ్డంగా నిలబడింది.

అప్పుడు దిగింది, చనిపోయిన పిల్లాడి తల్లి. మరిది చేతిలోంచి కత్తి తీసుకుంది. చాప దగ్గర చాలాసేపు అలాగే నిలబడిపోయింది. తిరేసాకి ఆ కత్తి తప్ప ఇంకేమీ కనిపించడం లేదు.

కత్తి కింద పడింది. ఆమె వంగి, చాప అంచు పట్టుకుని మెల్లగా పైకెత్తింది.

"లే నాన్నా," అంది, "నీ మనవణ్ణి నువ్వింకా కడసారి చూసుకోనే లేదు."