ఊ కొడుతున్న హార్డ్ డిస్కు

చనిపోయిన అమ్మ గొంతు ఆ హార్డ్ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు. అది పాడయ్యేలోపు కంప్యూటర్లోకి ఎక్కిద్దామని తమ్ముడు రాత్రి కూర్చుంటే, కాపీ నత్తనడక నడుస్తోంది.

"కేబుల్ మార్చావా?" అంది ఫోన్లో అక్క.

"పోర్టు కూడా మార్చానే."

"అయితే దాంట్లోకి ఇంకేదో ఎక్కుతోందిరా. మిగతావన్నీ మూసెయ్, మొద్దూ."

అన్నీ మూశాడు. అయినా అమ్మ ఫోల్డరులో ఈరోజు తేదీతో ఒక ఆడియో ఫైలు పెరుగుతూనే ఉంది. తెరిచాడు. ఇప్పటిదాకా తామిద్దరూ మాట్లాడుకున్న మాటలే. ఒక్కో మాట తర్వాత ఎవరో మెల్లగా ఊ కొడుతున్నారు, అచ్చం అమ్మలాగే.

"పీకెయ్‌రా దాన్ని!" ఫోన్లోంచి అదంతా విన్న అక్క అరిచింది.

పీకితే పాత గొంతు కూడా పోతుందేమో. అతని చెయ్యి కేబుల్ మీదే ఆగిపోయింది.

"ఉంచమంటావా అమ్మా?"

"ఊ," అని వినిపించింది ఫోన్లోంచి.

"అక్కా, నువ్వేనా?"

"నేను కాదురా," అంది అక్క గొంతు తగ్గించి. "మా పక్కగదిలోంచి."