ఎర్ల్ గారి కుర్చీ

"ఆ కుర్చీలో అప్పుడే కూర్చోకండి సర్," అన్నాడు లాయరు పింక్నీ.

అన్నగారిని పొద్దునే సమాధి చేసి వచ్చిన ఆంబ్రోస్, సగం వంగినవాడల్లా ఆగిపోయాడు. "ఏం? అన్నకి కొడుకుల్లేరు. కొత్త ఎర్ల్‌ని నేనేగా!"

"మీ వదినగారు లేడీ లెటిస్‌కి నెల తప్పిందేమోనట. మగపిల్లాడు పుడితే బిరుదూ భూములూ వాడివే. సంగతి తేలేదాకా ఎవరూ ఎర్ల్ కారు."

"మరి సోమవారం గొర్రెల్ని సంతకి తోలిస్తున్నానే!"

"కుదరదు. అంతవరకూ వ్యవహారాలన్నీ ఇప్పటిలాగే విన్‌ఫ్రెడ్ గారివి."

ఆ మందని పెంచింది విన్‌ఫ్రెడే. పోయినాయనకి ఒక్కతే కూతురు. ఆడపిల్ల కాబట్టి బిరుదు లెక్కలోకి ఆమె రాదు. ఇంకా పుట్టని తమ్ముడు మాత్రం వచ్చేశాడు. తనకంటే చిన్నదైన సవతితల్లి లెటిస్‌ని ఆమె ఏనాడూ వరస పెట్టి పిలవలేదు.

ఆంబ్రోస్ విసురుగా బయటికి నడిచాడు. లాయరూ వెళ్లాడు. గదిలో ఆడవాళ్లిద్దరే మిగిలారు.

"ఎన్నో నెల మీకు?" అంది విన్‌ఫ్రెడ్ పొడిగా.

"ఏ నెలా కాదు," అంది లెటిస్, టీలో పాలు పోసుకుంటూ. "అనుమానమన్నానంతే. ఈ ఏడు పుట్టే గొర్రెపిల్లలన్నీ నీకేనని మీ నాన్న విల్లులో రాశారుగా. తల్లుల్నే అమ్మేస్తే పిల్లలెక్కడివి? అవి ఈనేదాకా అనుమానిస్తాను."

వసారాలో బూట్ల చప్పుడైంది. చిన్నాన్న గొడుగు మరిచిపోయినట్టున్నాడు.

విన్‌ఫ్రెడ్ లేచి, వెనిగర్‌లో ఊరిన ఉల్లిపాయల సీసా తెచ్చి లెటిస్ ముందు పెట్టింది.

"తిను పిన్నీ," అంది, వసారాదాకా వినబడేలా. "వేవిళ్లకి పులుపు మంచిది."