నూటికి నూరు ఉద్యోగాలు

సాయంత్రం అయిదు గంటల్లోపు శిరీన్ ఏదో ఒక ఇంజనీరింగ్ కాలేజీకి సరే అనాలి. ఇప్పుడు నాలుగూ నలభై.

సర్కారు కాలేజీలు రెండూ ఆమె ర్యాంకు చూసి తలుపులు వేసుకున్నాయి. ప్రైవేటు కాలేజీలు అదే ర్యాంకు చూసి, తలుపులు పీకి భుజాన వేసుకొని పత్తికొండకు వచ్చేశాయి. నెల రోజుల్లో ఆ ఇంట్లో కాలేజీలవాళ్ళు పంచిన నాలుగు గోడ గడియారాలు, ఆరు చేతిసంచులు పోగయ్యాయి. ఒక కాలేజీ అయితే తల్లిదండ్రులను బస్సెక్కించి, క్యాంపస్‌ను కిటికీలోంచే చూపించి, నేరుగా మహానందిలో దింపి భోజనం పెట్టింది. కోనేటి నీళ్ళు చల్లగా ఉన్నాయని శిరీన్ తల్లి బషీరాబీ ఇప్పటికీ మెచ్చుకుంటుంది. కాలేజీ ఎలా ఉందో ఆమెకు గుర్తు లేదు.

వడపోసి వడపోసి రెండు మిగిల్చారు.

ఒకటి కడపలోది. పాతది. గోడలకు రంగు పడి ఎన్నేళ్ళయిందో. శిరీన్ స్వయంగా వెళ్ళి చూసొచ్చింది. ల్యాబులో తన వయసు ఆడపిల్లలు మోచేతుల దాకా గ్రీజు పూసుకొని మోటారు విప్పుతున్నారు. చేరితే ఇక్కడే అనుకుంది.

రెండోది కర్నూలు పక్కనుండే అద్దాల కాలేజీ. గేటు దగ్గర ఫౌంటెను. ఇది తండ్రి ఇస్మాయిల్‌కు నచ్చింది. బస్సు వీధి మొదటికే వస్తుంది మరి.

ఆ అద్దాల కాలేజీ తరఫున పిల్లల్ని చేర్పించుకోవడానికి ఊరూరా తిరుగుతూ వచ్చినవాడు గోపీనాథ్ సారు. చేతిలో రంగుల పుస్తకం, మెడకు టై. పత్తికొండ ఎండలో టై కట్టుకొని తిరిగే మనిషిని చూసి వీధికుక్కలు కూడా మొరగడం మరిచిపోయాయి.

“టైమయిపోతాండాదన్నా, ఫోన్లో నొక్కేయండి. మా కాలేజీలో నూటికి నూరు మందికీ ఉద్యోగాలు. ఒక్కరు కూడా ఇంటికాడ ఖాళీగా కూచోలేదు.”

బషీరాబీ ఉగ్గాని, బజ్జీల ప్లేటు ఆయన ముందు పెట్టింది. “కాలేజీ క్యాంటీన్లో తిండి ఎట్లుంటాది సారూ?”

“అమృతమక్కా,” అంటూ ఆయన నాలుగో బజ్జీ అందుకున్నాడు.

బషీరాబీ ఇంకో రెండు వేసింది.

“నాయనా, నాకు కడపదే...” శిరీన్ నసిగింది.

“నువ్వుండు పాపా. సారు అంత దూరం నుంచి టై కట్టుకొనొచ్చి చెప్తాండాడు.”

“టై కట్టుకుంటే చెప్పిందంతా నిజమయితాదా?” అంది శిరీన్.

“మార్కెట్లో నాకు అబద్దాలు చెప్పేటోళ్ళంతా లుంగీలే కట్టుకోనుంటారు. నాకు తెలీదా?”

ఇస్మాయిల్ ఇరవై ఏళ్ళుగా పత్తికొండ మార్కెట్లో టమోటాలు కొంటున్నాడు. గంప పైన ఎర్రగా మెరిసే పండ్ల వైపు ఏనాడూ చూడడు. చేయి అడుగుదాకా దించి, ఒక పండు పైకి తీసి, ఒత్తి చూశాకే వేలం పాటలో నోరు తెరుస్తాడు. అలాంటివాడు అద్దాలు చూసి కూతురి నాలుగేళ్ళకు పాట పాడేయబోతుంటే బషీరాబీకి ఒళ్ళు మండింది.

“సారూ, మా ఆయన మచ్చు చూడంది పచ్చిమిరపకాయ కూడా కొనడు. మీ కాలేజీలో తయారైన సరుకు ఏదన్నా చూపియ్యండి.”

ఇస్మాయిల్‌కు వ్యాపారం గుర్తొచ్చింది. “అదీ నిజమే సారూ. అద్దాలు చూస్తి, ఫౌంటెను చూస్తి. పండు మాత్రం చూడలేదు.”

గోపీనాథ్ ఏమాత్రం తడబడలేదు. “మా టాపర్ సంగతి చెప్తానన్నా. పోయినేడు గోల్డ్ మెడల్. పరీక్షలయిన మరుసటి వారమే ఉద్యోగం. చేతికింద మూడు మండలాలు. బండి వాళ్ళదే, పెట్రోలు వాళ్ళదే.”

“ఎస్సై ఉద్యోగమా?” అడిగింది బషీరాబీ.

“ఎస్సైకి లాఠీ ఉంటాదక్కా. ఈ పనికి తెలివి ఒక్కటే.”

ఇస్మాయిల్ కళ్ళు పెద్దవయ్యాయి. “విన్యావా పాపా? మూడు మండలాలంట! మన తాసిల్దారుకే ఒకటుండాది.”

“ఏ కంపెనీ సార్?” శిరీన్ వదల్లేదు.

“శానా పెద్ద సంస్థ పాపా. పేరు బయట చెప్పగూడదని వాళ్ళ రూలు.”

పేరు కూడా చెప్పకూడనంత పెద్ద సంస్థ అనేసరికి ఇస్మాయిల్ మనసులో మిగిలిన కాస్త అనుమానం కూడా తీరిపోయింది. ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఓటీపీ వచ్చింది. కొట్టాడు. అద్దాల కాలేజీ పేరు పక్కన పచ్చని బటన్ వెలిగింది. బొటనవేలు దాని మీదికి కదిలింది. శిరీన్ కళ్ళ ముందు, కడప ల్యాబులో విప్పి పెట్టిన మోటారు ఒక్కొక్క మరా బిగించుకొని మూసుకుపోతోంది.

బషీరాబీ భర్త చేతిలోంచి ఫోను లాక్కుంది.

“ఇంకా ఎనిమిది నిమిషాలుండాయి. సారూ, ఆ గోల్డ్ మెడల్ పిల్లోన్ని ఒక్కసారి ఈడికి రమ్మనండి. బండుండాది, పెట్రోలుండాది, మూడు మండలాల్లో యాడున్నా వచ్చేస్తాడు. కండ్లతో చూస్తే ఈడనే నొక్కేస్తాం.”

“అంతే సారూ,” అన్నాడు ఇస్మాయిల్. “పండు చూపియ్యి, పాట నీదే.”

గోపీనాథ్ గోడ గడియారం వైపు చూశాడు. ఇంటాయన ఒప్పుకున్నట్టే, ఇంటావిడ ఒక్క మెట్టు దిగాలి. ఆయన మొహం వెలిగిపోయింది.

“మేనేజ్‌మెంటు చెప్పొద్దనిందిగానీ అన్నా,” అంటూ ఆయన నూనె చేతులు తుడుచుకొని, లేచి, టమోటా వ్యాపారి ఎదురుగా ఛాతీ విరుచుకొని నిలబడ్డాడు, “ఆ గోల్డ్ మెడల్ నాదే!”