నలభై రెండో కిలోమీటరు

"టోకెన్ పదిహేడు!" అని గుమస్తా మూడోసారి అరిచాడు.

పదిహేడు పలకలేదు. వెనక వరసలోంచి ఓ బట్టతల పెద్దాయన లేచాడు.

"నాది ముప్పై ఒకటి. ఆయన వచ్చేలోపు నేను మాట్లాడేసి వెళ్ళనా?"

"వరస తప్పితే నన్ను తిడతారు బాబాయ్. కూర్చోండి."

వేదిక మీద ఇంజనీరమ్మ మళ్ళీ గడియారం చూసుకుంది. పొద్దుట్నుంచి ఆమెకి ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది.

హైవే మీద వేగ పరిమితిని ఎప్పటికప్పుడు మార్చే బోర్డుల కోసం రెండేళ్ళుగా కాళ్ళరిగేలా తిరిగింది మరి. ఎండ కాస్తే వంద, వాన పడితే ఎనభై, మంచు కమ్మితే నలభై. బోర్డు మీద వెలిగే అంకె దానంతటదే మారుతుంది. మంజూరైనవి ఇరవై నాలుగు బోర్డులు. అవి ఎక్కడెక్కడ పెట్టాలో జనాన్ని అడిగి, సాయంత్రం ఆరుకల్లా జాబితా పంపాలి. పంపకపోతే ఫైలు మళ్ళీ మొదటికొస్తుంది.

జనానికి మాత్రం ఏ తొందరా లేదు.

"ఒకే రోడ్డుకి పూటకో వేగమా? మా డ్రైవర్లు బండి నడపాలా, బోర్డులు చదువుకోవాలా?" అన్నాడు లారీల సంఘం అధ్యక్షుడు.

"దేవుడు రెండు కళ్ళిచ్చాడుగా, రెండు పనులూ చెయ్యమనండి," అంది ఆమె.

హాలంతా నవ్వింది. నవ్వు ఆగాక ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ మైకు లాక్కున్నాడు.

"బోర్డుల సంగతి తర్వాత. ఈ మధ్య పక్క ఊళ్ళవాళ్ళు కంచె దాటొచ్చి హైవే మీద నడుస్తున్నారు. ఎవరైనా సరే, దొరికారా, కేసే!"

ముప్పై ఒకటో టోకెన్ పిలిచేసరికి ఐదూ నలభై అయింది. పెద్దాయన మైకుని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"నలభై రెండో కిలోమీటరు మలుపులో ఓ బోర్డు పెట్టండమ్మా. ఈ చలికాలం లోపే పెట్టండి."

ఆమె గబగబా కాగితాలు తిరగేసింది.

"అక్కడ అక్కర్లేదండీ. రోడ్డు తెరిచి ఆరేళ్ళయింది, అక్కడ ఒక్క ప్రమాదం కూడా జరగలేదు. ఇదిగో, సున్నా."

"జరగలేదమ్మా, నాకు తెలుసు. అందుకే అడుగుతున్నా."

హాలు మళ్ళీ గొల్లున నవ్వింది.

"జరిగే చోట పెట్టాలి గానీ జరగని చోట ఎందుకండీ?"

"పక్కనే కాలవ ఉంది. మంచు దిగిందంటే ముందు బండి ముక్కు తగిలేదాకా కనపడదు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు జరగలేదు?"

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. ఆమె పక్క కుర్చీలోని ఇన్‌స్పెక్టర్ని చూసి ఆగిపోయాడు.

"అది నలుగురిలో చెప్పేది కాదమ్మా. మీతో విడిగా ఓ మాట..."

విడిగా మాట! ఆమెకి ఒళ్ళు మండింది. పొద్దుట్నుంచి ఇది తొమ్మిదో విడి మాట. ఒకరికి పెట్రోలు బంకు ముందు బండ్లు నెమ్మదించాలి, ఇంకొకరికి హోటలు ముందు. బోర్డులు ఇరవై నాలుగే అని ఎంత చెప్పినా ఒక్కరూ చెవిన పెట్టరు.

"మీ ఇల్లెక్కడండీ?"

"ఆ మలుపు పక్కనేనమ్మా. కంచెకి ఇవతల."

"అదీ అసలు సంగతి!" అన్నాడు లారీల అధ్యక్షుడు. "బోర్డు వెలుగుతుంటే వాకిట్లో లైటు వేసుకునే పని తప్పుతుంది!"

ఈసారి ఇంజనీరమ్మ కూడా నవ్వేసింది.

"నా గుండె బాగోలేదమ్మా. ఈ ఏడు చలికి నేను..." అంటున్నాడు పెద్దాయన. అంతలో గుమస్తా గంట కొట్టాడు. మనిషికి మూడు నిమిషాలే.

"ఆరోగ్యం జాగ్రత్త అండీ," అంది ఆమె. మాటలో మర్యాద ఉంది. కళ్ళు మాత్రం గడియారం మీదే ఉన్నాయి.

ఆరుకి రెండు నిమిషాలుండగా జాబితా వెళ్ళిపోయింది. నలభై రెండో కిలోమీటరు అందులో లేదు.

చలికాలం మొదట్లో బోర్డులు వెలిగాయి. పేపర్లు మెచ్చుకున్నాయి. పై అధికారి భేష్ అన్నాడు. ఆమెకే నిద్ర పట్టేది కాదు. కళ్ళు తెరవగానే ఫోన్లో ఆ అంకెలే చూసుకునేది.

మొదటిసారి మంచు దట్టంగా పడ్డ పొద్దున ఇరవై నాలుగు బోర్డులూ ఒక్కసారే నలభైకి దిగాయి. హమ్మయ్య అనుకుంటూ ఆమె కాఫీ కలుపుకుంది.

తాగకముందే ఫోన్ వచ్చింది.

ముప్పై ఐదో కిలోమీటరు దాకా బోర్డులు చూసి నెమ్మదిగా వచ్చినవాళ్ళు, ఆ తర్వాత బోర్డు కనపడకపోయేసరికి ఇక అడ్డేమీ లేదనుకుని తొక్కేశారు. నలభై రెండో కిలోమీటరు మలుపులో తొమ్మిది బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఇద్దరు అక్కడికక్కడే పోయారు.

నలభై రెండు అని వినగానే ఆమె కాఫీ అక్కడే వదిలేసి బయల్దేరింది.

ఆసుపత్రిలో మంచాల మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పాల వ్యాను డ్రైవరు ఒక్కడే మాట్లాడగలిగేలా ఉన్నాడు. చేతికి పెద్ద కట్టు ఉంది.

"నేను హైవే ఇంజనీర్ని. మీకిది రోజూ తిరిగే దారేగా, ఎలా జరిగింది?"

"అదే నా కొంప ముంచింది మేడమ్."

"అంత మంచులో వేగం తగ్గించాలి కదండీ!"

డ్రైవరుకి కోపం ముంచుకొచ్చింది.

"తగ్గించమని చెప్పే మనిషేడీ? తప్పంతా మీదే. పెద్దాయన పోయి ఇరవై రోజులైంది. ఆయన బదులు ఇంకొకర్ని వెయ్యలేదేం?"

"ఏ పెద్దాయన?"

అతను ఆమె వంక వింతగా చూశాడు.

"కంచె పక్కింటి బట్టతలాయనండీ... ఆరేళ్ళుగా మంచు పడ్డ ప్రతి పొద్దునా కంచె దాటొచ్చి ఆ మలుపుకి ముందు ఎర్ర టార్చి ఊపుతూ నిలబడి, మా బండ్లన్నిటినీ నెమ్మది చేయించి పంపినాయన... మీ డిపార్ట్‌మెంటు మనిషి కాదా?"